చెప్పినంతే చేయు సారథి

విమానమున ఆటోపైలట్ అను సాధనమొకటి కలదనియు, మీట నొక్కినంతనే అది విమానమును తన వశము గావించుకొని, గమ్యస్థానమునకు గొనిపోయి, నేలకు దింపి నిలుపుననియు, అంతదాక పైలటు కాఫీ త్రాగుచు కూర్చుండుననియు మనలో పెక్కుమంది నమ్మిక. ఈ నమ్మిక నేటి విమానముల విషయమున సగపాలు నిజము. అరువది యేండ్లనాటి జెట్ విమానముల విషయమున ఇంచుమించు పూర్తిగా కల్ల. ఆ కల్ల బయటపడుటకు ఇప్పుడు విమానమెక్క నక్కరలేదు. బాపట్లలో ఇంజనీరింగు చదువుచున్న యువకుడెవడైనను తన గదిలోని కంప్యూటరులో ఫ్లయిట్ సిమ్యులేటరు తెరచి, పాత బోయింగ్ 707ను ఎన్నుకొని, చెన్నై రన్‌వే మీదనుండి గాలిలోనికి లేచి, ఆటోపైలట్‌ను తగిలించి, ఎత్తు 24,000 అడుగులు చాలునని మనసులో ననుకొని, చేతులు కట్టుకొని కూర్చున్నచో చాలును: విమానము 24,000 అడుగులను దాటును, 30,000 దాటును, పలుచని గాలిలో ఇంజన్ల బలము సన్నగిల్లుకొలది వేగము పడిపోవును, కడకు రెక్కలు బరువు మోయలేక ముక్కు వాల్చును. ఆటోపైలట్ చెడిపోలేదు. ముక్కును ఇంత యెత్తున పట్టుకొనుమనిరి, పట్టుకొన్నది. ఎచ్చట ఆగవలెనో దానికెవ్వరును చెప్పలేదు, చెప్పుటకు దానిలో తావును లేదు.

ప్రయాణికుల జెట్ విమానములకు ఆరంభము 1952 మే 2వ తేదీన లండన్ నుండి జోహన్నెస్‌బర్గ్‌నకు బయలుదేరిన కామెట్ విమానముతో జరిగినది. ఆ కామెట్‌లకు కొలదికాలములోనే దుర్దశ పట్టగా, 1958 అక్టోబరున పాన్ అమెరికన్ సంస్థ అట్లాంటిక్ మీదుగా నడిపిన బోయింగ్ 707 ఆ యుగమునకు నిలుకడ తెచ్చినది. మన ఎయిర్ ఇండియా 1960 మొదలుకొని రోల్స్ రాయిస్ కాన్వే ఇంజన్లు గల 707లను తెప్పించి, వానికి నందాదేవి, గౌరీశంకర్, కాంచన్‌జంగ అని హిమాలయ శిఖరముల పేర్లు పెట్టి, ఆ యేటనే న్యూయార్కు దాక నడపి, 1962 నాటికి జెట్ విమానములు తప్ప వేరేవి లేని సంస్థగా ప్రపంచమున ప్రథమస్థానము నందినది. దేశములోపల ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1964లో ఫ్రెంచివారి కారవెల్‌ను, తరువాతి దశకమున బోయింగ్ 737-200ను ప్రవేశపెట్టినది. కృష్ణ, గుంటూరు జిల్లాల నుండి వైద్యవృత్తికనియు, పైచదువుల కనియు సముద్రములు దాటిపోయిన మొదటి తరమువారిలో ఎందరో ఈ 707ల కిటికీలకడ కూర్చుండి పోయినవారే. ఆ విమానములు నేడు ప్రదర్శనశాలలను చేరినవి, లేదా తుక్కు క్రింద పోయినవి. అవి ఇంకను ఎగురుచున్న చోటు కంప్యూటరు తెర యొక్కటియే యనిన పెద్ద అతిశయోక్తి కానేరదు.

సిమ్యులేటరులో ఈ పాత విమానములను చేపట్టినవారు మొట్టమొదట పడు విసుగు, వీని ఆటోపైలట్ పనికిమాలినదని. ఎత్తు చెప్పిన ఆగదు. వేగము చెప్పిన వినదు. దారి చెప్పుటకు తెర లేదు. అయితే నాటి విమానము ముందుగదిలో ఎవరెవరు కూర్చుండెడివారో తలచుకొన్నచో ఈ విసుగునకు సమాధానము దొరకును. కెప్టెను, అతని కుడిప్రక్క సహపైలటు, వెనుక గేజీల గోడకు ఎదురుగా ఫ్లయిట్ ఇంజనీరు, దూరప్రయాణములందు వీరికి తోడు నక్షత్రములను కొలిచి, గాలిని గుణించి, కాగితము మీద దారి గీయు నావిగేటరు. ఏ దిక్కున పోవలెనో నావిగేటరు చెప్పును; ఇంజన్ల బలము ఎంత యుండవలెనో ఇంజనీరు చూచును; ఎత్తు సమీపించుచున్నదని సహపైలటు హెచ్చరించును. ఆటోపైలట్ వీరందరికంటె తక్కువ హోదాగల అయిదవ మనిషి. దాని కొలువు చేతులతో పట్టుకొనుటయే. వీరిలో నావిగేటరు, ఇంజనీరు చేయు పనులు ఒక్కొక్కటిగా యంత్రములోనికి చేరినకొలది ఆ కుర్చీలును ఒక్కొక్కటిగా ఖాళీ యైనవి. ఇంట కూర్చుండి 707 నడపువాడు ఒంటరి. కనుక ఆటోపైలట్‌లో లోపమని అతనికి తోచునది నిజమునకు ఆ లేని ముగ్గురు మనుష్యుల కొరత.

ఈ అయిదవ మనిషి పుట్టుక చిత్రమైనది. ఆంధ్రా ప్యారిస్ అను బిరుదు మోయుచున్న తెనాలివారికి అసలు ప్యారిస్‌తో సంబంధము గల ఈ కథ రుచింపకపోదు. 1914 జూన్ నెలలో ప్యారిస్ చెంత సీన్ నది మీదుగా లారెన్స్ స్పెర్రీ అను అమెరికన్ యువకుడు కర్టిస్ సముద్రవిమానమును నడపుచు, న్యాయనిర్ణేతల యెదుట రెండు చేతులును పైకెత్తి చూపగా, అతని సహాయకుడు ఎమిల్ కషాఁ విమానము రెక్క మీదికి నడచిపోయెను. ఒక రెక్క మీద మనిషి బరువు పడినను విమానము ఒరుగలేదు. అందులో నున్నది జైరోస్కోపు. వేగముగా తిరుగు బొంగరము పడిపోక తన యిరుసు దిక్కును వదలక నిలుచుట బాలురందరు ఎరిగినదే. అట్టి చక్రమును చట్టములలో బిగించి విమానమున నిలిపినచో, విమానము ఎటు ఒరిగినను చక్రము ఒరుగదు గనుక, ఆ రెంటి నడుమ ఏర్పడు కోణమే విమానము తప్పిన తప్పును కొలిచి చూపును. ఆ కోణమును సంజ్ఞగా మార్చి రెక్కల అంచులందలి ఏలిరాన్లకు, తోకయందలి ఎలివేటర్లకు అందజేసి, కోణము సున్నయగువరకు అవి కదలునట్లు చేయుటయే ఆటోపైలట్ మూలసూత్రము. స్పెర్రీ నాడు దానిని గాలి ఒత్తిడితోను, తరువాతివారు నూనె ఒత్తిడితోను, విద్యుత్తుతోను కదలించిరి. 707లోని బెండిక్స్ పి.బి.-20, 727లోని స్పెర్రీ ఎస్.పి.-50, 737-200లోని ఎస్.పి.-77 అన్నియు ఆ వంశములోనివే.

జైరోస్కోపు పైలటునకు కన్ను వంటిదే. ఆ కన్ను మోసపుచ్చిన ప్రమాద మొకటి మన దేశముననే జరిగినది. 1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయి నుండి దుబాయికి లేచిన ఎయిర్ ఇండియా 747, ఎంపరర్ అశోక, కొలది నిమిషములలోనే సముద్రమున కూలి 213 మంది మరణించిరి. కెప్టెను ముందున్న క్షితిజ సూచిక విమానము కుడికి ఒరిగియున్నట్లు చూపుచు నిలిచిపోగా, చీకటి సముద్రము మీద వేరే ఆనవాలు లేక, ఆయన ఎడమకు త్రిప్పెనని విచారణలో తేలినది. సిమ్యులేటరులో ఈ సూచికను కావలెనని చెడగొట్టి, మిగిలిన గేజీలతో నెగురుట సాధన చేయవచ్చును. పాత విమానములను అభ్యసింప దలచినవారు ఆటోపైలట్ జోలికి పోకముందు ఈ పని చేయుట మంచిదని నా అభిప్రాయము.

జెట్ విమానములకు ఆటోపైలట్ అలంకారము కాదు, అవసరము. వెనుకకు వాలిన రెక్కలుగల విమానము ఎత్తున ఎగురునపుడు దాని తోక ఒక ప్రక్కకు, రెక్క మరియొక ప్రక్కకు ఊగులాడు దుర్గుణ మొకటి కలదు. దీనిని డచ్ రోల్ అందురు. ఆ ఊపును మొదలునందే అణచుటకు యా డాంపర్ అను ప్రత్యేక సాధన ముండును, దానిని ఆటోపైలట్‌కు ముందుగా తగిలింపవలెను. పైగా, 35,000 అడుగుల యెత్తున ఈ విమానములకు మితిమీరిన వేగమునకును చాలని వేగమునకును నడుమ తావు ఇరుకు. 1959 ఫిబ్రవరి 3వ తేదీన అట్లాంటిక్ మీద పాన్ అమెరికన్ 707 ఒకటి ఎగురుచుండగా, కెప్టెను ప్రయాణికులను పలుకరించుటకై వెనుక గదిలోనికి పోయియుండెను. ఆటోపైలట్ తనంత తాను విడిపోయినది. కేక వేయలేదు, కుదుపు లేదు. విమానము మెల్లమెల్లగా ఒరిగి, ముక్కు వాల్చి, సుడివలె తిరుగుచు 35,000 అడుగుల నుండి సుమారు 6,000 అడుగుల దాక పడినది. కెప్టెను ఆ సుడిలో దేహము మీద పడిన బరువునకు ఎదురీది తన స్థానమును చేరి విమానమును నిలువదీసెను. అందరును బ్రతికి కెనడాలోని గాండర్‌న దిగిరి. ఆటోపైలట్ విడిపోయినపుడు హెచ్చరిక గంట స్పష్టముగా మ్రోగవలెనను నియమము ఇట్టి సంఘటనల ఫలితమే. అయినను సిమ్యులేటరులోని పాత విమానములందు అది ఒక చిన్న దీపముగానే మిగిలియుండుట కద్దు, దాని మీద కన్నుంచవలెను.

ఇక చేతిపని చూతము. రెండు పైలటు కుర్చీల నడుమనున్న గట్టు మీద ఆటోపైలట్ పలక యుండును. దాని మీద త్రిప్పుడు గుండి యొకటి, ప్రక్కన ముక్కును ఎత్తి దించు చిన్న చక్రము, తగిలించు మీటలు, ఎత్తును పట్టి యుంచు ఆల్టిట్యూడ్ హోల్డ్ స్విచ్చి, ఏ సంజ్ఞను అనుసరింపవలెనో నిర్ణయించు మోడ్ సెలక్టరు. తగిలించుటకు ముందు చేయవలసిన పని యొకటి పుస్తకములందు పొడి మాటగా ఉండును గాని అసలు కిటుకు అదియే: విమానమును చేతితో నడపుచు ట్రిమ్ చక్రమును సవరించి, జాయ్‌స్టిక్ వదలినను ముక్కు చలింపని స్థితికి తేవలెను. త్రిప్పుడు గుండి సరిగా నడుమ గాడిలో నుండవలెను. ఈ రెండును కుదిరినపుడు మీట నొక్కిన, ఆటోపైలట్ ఆ క్షణమున ముక్కు ఎంత యెత్తున నున్నదో అంత యెత్తునే పట్టుకొని, రెక్కలను సమము చేసి, అప్పటి దిక్కును అంటిపెట్టుకొనును. కుదరనపుడు మీట నిలువక వెనుకకు పడును; నాణ్యముగా తయారైన సిమ్యులేటరు విమానములు ఈ మొరాయింపును కూడ అనుకరించును.

పిమ్మట ఎక్కుట. నిమిషమునకు 1,500 అడుగుల చొప్పున ఎక్కుచున్న విమానమును 24,000 అడుగులకడ నిలుపవలె ననిన, అందులో పదియవ వంతు, అనగా 150 అడుగులు ముందుగానే ముక్కు చక్రమును మెల్లగా క్రిందికి త్రిప్పుచు, ఎక్కు వేగము సున్నకు వచ్చిన తరువాతనే ఆల్టిట్యూడ్ హోల్డ్ నొక్కవలెను. ఇంకను ఎక్కుచుండగా తొందరపడి నొక్కినచో, అది నొక్కినచోటి యెత్తును పట్టుకొనుటకై విమానమును క్రిందికి లాగును; నిజమైన విమానమున వెనుక కూర్చున్నవారి భోజనపు పళ్లెములు పైకి లేచును. ఎత్తు నిలిచినంత మాత్రమున పని ముగియలేదు. ఎక్కునప్పటి బలము ఇంజన్లలో అట్లే యున్నది గనుక వేగము పెరుగుచు పోవును. ఈ విమానములందు వేగమును తనంత తాను సవరించు ఏర్పాటు సామాన్యముగా లేదు. థ్రాటిల్ మీటలను వెనుకకు లాగి, ఇంజన్ పీడన నిష్పత్తి చూపు గేజీలను నాలుగింటిని సరిచేయవలసినవాడు మనిషియే.

ఇందులోనే ఒక పొంచియున్న అపాయము కలదు. బలమును మరీ తగ్గించి మరచిపోయినచో, ఆటోపైలట్ ఎత్తును వదలదు. వేగము తగ్గి విమానము దిగజారబోవగా అది ముక్కును ఇసుమంత ఎత్తును, మరల వేగము తగ్గును, మరల ఎత్తును. ఎత్తు చూపు ముల్లు మాత్రము కదలదు. ఆ ముల్లునే చూచుచు సంతసించువానికి, రెక్కలు బరువు మోయలేని స్టాల్ స్థితి హెచ్చరికతో గాని మెలకువ రాదు. 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి ఫ్లోరిడాలో దీనికి మారు జరిగినది. ఈస్టర్న్ సంస్థ ట్రైస్టార్ విమానమున ముందు చక్రము దిగినదని తెలుపు చిన్న బల్బు వెలుగకుండుటచే, విమానమును 2,000 అడుగుల యెత్తున ఆటోపైలట్‌కు అప్పగించి, సిబ్బంది అందరును ఆ బల్బు మీద పడిరి. నియంత్రణ దండము మీద ఎవరి చేయియో ఒత్తుకొని ఎత్తును పట్టుకొను మోడ్ విడిపోయినది. విమానము మెల్లగా దిగుచు చిత్తడినేలలో కూలినది. చెడినది బల్బు ఒక్కటియే.

మన దారికి వత్తము. చెన్నై నుండి మన గమ్యమైన గన్నవరము సుమారు 400 కిలోమీటర్లు; 707కు పెద్ద పని కాదు. మోడ్ సెలక్టరును వి.ఓ.ఆర్. వైపు త్రిప్పి చెన్నై రేడియో కేంద్రము నుండి వెలువడు కిరణములలో మనకు కావలసినదానిని ఎన్నుకొన్నచో, ఆటోపైలట్ దానిని పట్టుకొని ఉత్తరముగా కోస్తా వెంబడి పోవును. రేడియో కేంద్రమునకు నిట్టనిలువున పైకి వచ్చునపుడు సంజ్ఞ కకావికలగును, అచ్చట ఆటోపైలట్ కలవరపడి ఇటునటు ఒరుగును. కావున ఆ కొలది క్షణములు దానిని దిక్కు పట్టుకొను మోడ్‌లోనికి మార్చుట అనుభవజ్ఞుల పద్ధతి. దిగుటకు లెక్క సులువు: వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. 24,000 అడుగులకు 72 మైళ్లు, అనగా 130 కిలోమీటర్ల పైమాట. మ్యాపు మీద కొలిచినచో గన్నవరమునకు ఆ దూరమున నున్నది ఒంగోలు. కనుక ఒంగోలు కడనే థ్రాటిల్ వెనుకకు లాగి ముక్కు చక్రము త్రిప్పవలెను. బాపట్ల కనబడిన తరువాత దిగుట తలపెట్టినవాడు గన్నవరము మీద పదివేల అడుగుల పైయెత్తున తేలుచుండును.

వి.ఓ.ఆర్. ఒక్కదానినే నమ్మిన నాటి ప్రయాణములందు మనుష్యుల నడుమ మాట తప్పిపోయిన ఏమగునో 1966 జనవరి 24వ తేదీ చూపినది. బేరూత్ నుండి జెనీవాకు పోవుచున్న ఎయిర్ ఇండియా కాంచన్‌జంగ విమానమున రెండు వి.ఓ.ఆర్. గ్రాహకములలో నొకటి పనిచేయుటలేదు. మోంట్ బ్లాంక్ శిఖరమును దాటితినని కెప్టెను లెక్కించెను. దాటలేదని రాడార్ కడనున్న నియంత్రకుడు గ్రహించి సవరింపబోయెను. ఆ సవరణ మాట స్పష్టముగా చేరలేదు. విమానము దిగుచు శిఖరమునకు తగిలి 117 మంది మరణించిరి. మృతులలో మన అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకడు. తామెచ్చట నున్నామో తెలియవలసిన భారమంతయు మనుష్యులదియే యైన కాలమది.

ఆ భారమును మొదట కొంత దించినది ఇనర్షియల్ నావిగేషన్, ఐ.ఎన్.ఎస్. 747లతో వచ్చిన డెల్కో కారొసెల్ యంత్రము నేలమీది రేడియోలతో నిమిత్తము లేక, జైరోస్కోపుల, త్వరణమాపకముల సహాయమున విమానముయొక్క ప్రతి కదలికను కొలిచి కూడుకొనుచు తానున్న అక్షాంశ రేఖాంశములను తెలుపును; గంటకు ఒకటి రెండు మైళ్లు తప్పుట దాని సహజగుణము. పాత 707లకును కొన్నిటికి దీనిని పిమ్మట అమర్చిరి, సిమ్యులేటరు 707లలోను ఇది దొరకును. దీనిలో ఊళ్ల పేర్లు లేవు; తొమ్మిది స్థానములు మాత్రమే పట్టును, వానిని అంకెలతో ఎక్కింపవలెను. బాపట్లకు ఉత్తరము 15 డిగ్రీల 54 నిమిషములు, తూర్పు 80 డిగ్రీల 28. రేపల్లెకు 16 డిగ్రీల 1, 80 డిగ్రీల 51. తెనాలికి 16 డిగ్రీల 14, 80 డిగ్రీల 38. తూర్పునకు మారుగా పడమర మీట నొక్కినచో తెనాలి జమైకాకు నైరృతిగా కరేబియన్ సముద్రములో పడును; యంత్రము అభ్యంతర మేమియు చెప్పక అటే దారితీయును. యంత్రము తన్ను తాను సరిచూచుకొను పావుగంటకు పైబడిన సమయమున విమానము నేలమీద కదలరాదు. సిమ్యులేటర్లలో ఈ నిరీక్షణను తప్పించు మీట యుండును. ఒకమారైనను దానిని వాడక వేచియుండుట మేలు.

ఈ మూడు ఊళ్లను వరుసగా ఎక్కించి ఆటోపైలట్‌ను ఐ.ఎన్.ఎస్.కు జతచేసినచో వినోదకరమైన పాఠ మొకటి ఎదురగును. బాపట్ల నుండి రేపల్లె 43 కిలోమీటర్లు, తూర్పునకు కొంచెము ఉత్తరముగా. రేపల్లె నుండి తెనాలి 33 కిలోమీటర్లు, వాయవ్యముగా. అనగా రేపల్లె మీద ఎడమకు 116 డిగ్రీలు తిరుగవలెను. 480 నాట్ల వేగమున, 25 డిగ్రీలు ఒరిగి తిరుగు విమానము గీయు వలయమునకు వ్యాసార్ధము 13 కిలోమీటర్లు. దారి తప్పకుండ తిరుగవలె ననిన రేపల్లెకు 21 కిలోమీటర్లు ముందే, అనగా బాపట్ల నుండి సగము దూరము వచ్చినంతనే, త్రిప్పుట మొదలిడవలెను; అప్పుడు రేపల్లె కుడిప్రక్కన దూరముగా మిగిలిపోవును. రేపల్లె పైకి వచ్చియే త్రిప్పుదమనిన, విమానము కృష్ణ దాటి మోపిదేవి వైపు దివిసీమ మీదికి జారి, అచ్చటినుండి తెనాలికి మరలును. 1916 నుండి తెనాలి, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లెలను కలిపి నడచుచున్న రైలుబండి ఎన్నడు ఎరుగని అవస్థ ఇది! వేగమును 250 నాట్లకు, ఎత్తును 10,000 అడుగులకు దింపినచో వలయము 5 కిలోమీటర్లకు కుంచించుకొని, ఊళ్లును, కాలువలును, నిజాంపట్టణము కడ మడ అడవుల పచ్చదనమును చూపుదారిలోనికి వచ్చును. జెట్ విమానమునకు కృష్ణ డెల్టా ఇరుకుగది. ఈ సంగతి ఆటోపైలట్‌కు తెలియదు, తెలిసికొని వేగము తగ్గింపవలసినవాడు థ్రాటిల్ పట్టుకొన్నవాడు. (నిజముగా ఎగురువారు సూర్యలంక తీరమున వైమానికదళమువారి క్షిపణుల ప్రయోగములు జరుగు దినములలో ఆ దరికి పోరాదు. కంప్యూటరులో అడ్డగించువారు లేరు.)

ఇంటింటి సిమ్యులేటరునకు వంశకర్త 1929లో ఎడ్విన్ లింక్ చేసిన శిక్షణ యంత్రము. అతనిది ఆర్గన్ వాద్యములు నిర్మించు కుటుంబము. ఆ వాద్యములందలి గాలితిత్తులతోనే అతడు బొమ్మవిమానమును ఊపి, ఒరిగించి, త్రిప్పెను. తరువాత విమానసంస్థలు కోట్ల ఖరీదుగల సిమ్యులేటర్లు తెప్పించినవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రము మన హైదరాబాదుననే నెలకొని, బోయింగ్ 737, ఎయిర్‌బస్ నడపు పైలట్లకు విద్య గరపినది. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన కార్యక్రమము 1982లో మైక్రోసాఫ్ట్ పేర వెలువడిన తరువాత ఈ విద్య సామాన్యుని బల్ల మీదికి వచ్చినది. నేడు ఎక్స్‌-ప్లేన్ కలదు, డబ్బు పెట్టనక్కరలేని ఫ్లయిట్‌గేర్ కలదు. వానిలో 707, 727, తొలి 747 మొదలగు పాత విమానములను ఔత్సాహికులు ఎంతో శ్రద్ధతో తీర్చిరి.

తీర్చినవన్నియు నమ్మదగినవి కావు. ఉచితముగా దొరకు కొన్ని పాత విమానములకు పై పలక మాత్రమే పాతది. లోపల సిమ్యులేటరుతో వచ్చిన నేటి ఆటోపైలట్ దాగియుండి, ఎత్తు చెప్పినంతనే అక్కడ ఆగిపోవును. చూచుటకు 1960, నడచుట నిన్న మొన్నటిది. అట్టి విమానమును నేను పక్కన పెట్టుదును. అది నడపువాని చేతినుండి పని లాగుకొనుచున్నది గదా. ఇంట తలెత్తు చిక్కులును కొన్ని కలవు. అరిగిన జాయ్‌స్టిక్ నిశ్చలముగా నున్నను సన్నని వణుకు సంజ్ఞలు పంపుచుండుటచే ఆటోపైలట్ అకారణముగా విడిపోవును. జాయ్‌స్టిక్ అమరికలో, చిన్న కదలికలను లెక్కింపని డెడ్ జోన్ అను మేరను పెంచిన ఈ బాధ తీరును. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో కీబోర్డు మీది జెడ్ అక్షరము ఆటోపైలట్‌ను తగిలించి విడిపించును గనుక, పొరపాటున మోచేయి తగిలినను చాలును. కాలమును నాలుగింతలు, ఎనిమిదింతలు పరుగెత్తించి దూరప్రయాణమును త్వరగా ముగింపజూచినపుడు, ఆటోపైలట్ సవరణలు ఆలస్యమై విమానము తప్పతాగినవాని పోలిక ఊగులాడును. మలుపులకు ముందు కాలమును సహజగతికి తెచ్చుట ఒక్కటే మందు.

ఇక దిగుట. రన్‌వే కడ దారి చూపు ఐ.ఎల్.ఎస్. అను రేడియో సాధనపు కిరణములను పట్టుకొని రన్‌వే సూటికిని, దిగుడు వాలుకును తనంత తాను వచ్చు సామర్థ్యము పాత ఆటోపైలట్లకు కలదు; దిగుడు వాలును చూపు గ్లైడ్ స్లోప్ కిరణమును క్రిందినుండి సమీపించి పట్టవలెను, పైనుండి వెంటాడిన అది చిక్కదు. సుమారు 200 అడుగుల యెత్తున ఆటోపైలట్‌ను విడిపించి మిగిలినది చేతితో ముగింపవలెను. నేలదాక తానే దింపినది బ్రిటిషువారి ట్రైడెంట్: 1965 జూన్ 10వ తేదీన ప్యారిస్ నుండి ప్రయాణికులతో వచ్చి లండన్‌న చక్రములు మోపిన ఆ విమానమున ఆటోపైలట్ మార్గములు మూడు, వానిలో ఒకటి తక్కిన రెంటితో విభేదించినచో ఆ రెండును దానిని వెలివేయును. లండన్ పొగమంచు తెచ్చిన డబ్బు నష్టమే ఆ పరిశ్రమకు ప్రేరణ. మన కోస్తాలో అంతటి మంచు అరుదు గనుక, చేతితో దింపుటయే అందము.

ధైర్యవంతులకు ఇంకొక మజిలీ కలదు. అద్దంకి సమీపాన కొరిశపాడు కడ జాతీయ రహదారిని 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున సిమెంటుతో బిగించి అత్యవసరపు రన్‌వేగా తీర్చిరి. 2024 మార్చిలో వైమానికదళము సుఖోయ్ యుద్ధవిమానములతోను, ఏ.ఎన్.-32 రవాణా విమానముతోను దానిని పరీక్షించినది. అక్కడ ఐ.ఎల్.ఎస్. లేదు, వి.ఓ.ఆర్. లేదు, పాత ఆటోపైలట్ దిక్కు పట్టుకొనుటకు మించి చేయగలది లేదు. పొడవు 707కు ధారాళముగా చాలును. ఎయిర్ ఇండియావారి 707కు రెక్కల నిడివి 43 మీటర్లకు పైబడి యున్నది గనుక, నడుమ గీత మీద సూటిగా దిగినను రెక్కల కొసలు ఇరుప్రక్కల అయిదేసి మీటర్లు పొలముల వైపునకు చొచ్చుకొని యుండును.